తలెత్తి చూడాల్సిన అడవి

దసరా నాడు పాలపిట్టను చూడనిదే మా మామ ఇంట్లోకి అడుగుపెట్టడు. ఊళ్లో ఉన్నప్పుడు జమ్మిచెట్టుకు మొక్కి, అటు నుంచి అటే అచ్చంపేట శివారు చెలకల్లోకి నడిచి, కరెంటు తీగ మీదో ఎండిన మోడు మీదో కూర్చున్న పిట్టకు దండం పెట్టుకుని వచ్చేవాడు. పోయిన దసరాకు వనస్థలిపురంలో మా ఇంట్లో ఉన్నాడు. మా వీధి మలుపులో ఒకతను పంజరంలో పాలపిట్టను పెట్టుకుని, చూపించినందుకు ఇరవై రూపాయలు తీసుకుంటున్నాడు. పిట్ట కాళ్లకు దారం కట్టి ఉంది. రెక్కలకు ఏదో జిగురు. జనం వచ్చి మొక్కి పోతున్నారు.

మామ వెళ్లి అతని ఎదురుగా నిలబడ్డాడు. "ఎగిరేటి పిట్టను చూస్తే మంచిదన్నరు పెద్దలు. కాళ్లు కట్టేసిన పిట్టను చూడమన్నరా? మన రాష్ట్ర పక్షి ఇది. పట్టుకునుడే నేరం" అన్నాడు. అరవలేదు. ముప్పై నాలుగేళ్లు అటవీశాఖలో పనిచేసిన మనిషికి గొంతు పెంచే అవసరం రాదు. అతను పంజరం మీద గుడ్డ కప్పుకుని సందులోకి వెళ్లిపోయాడు. నాతో అటవీశాఖకు ఫోన్ చేయించేదాకా మామ ఊరుకోలేదు. ఆ తర్వాత నేను, మామ, మా చిన్నోడు హరిణ వనస్థలి ప్రహరీ పొడుగునా నడిచాం. పొద్దుగూకే వేళకు ఒక తీగ మీద కనిపించింది. మమ్మల్ని చూసి లేచి, రెక్కలు విప్పి, గోడ అవతలికి వాలిపోయింది.

"నీలం ఇంత నీలంగ ఉంటదని మర్చిపోయిన బిడ్డా" అన్నాడు మామ.

జూన్‌లో ఒక కంటికి, జులైలో ఇంకో కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది ఆయనకు. శుక్లం ముదిరేకొద్దీ చూపుకు పసుపు పట్టి, నీలం రంగు ముందుగా మాసిపోతుందట. రెండో కన్ను కట్టు విప్పిన రోజు ఆటోలో వస్తూ అడిగాడు: "టీవీల చూపిస్తరు గద, ఎండ నేలకు దిగని అడవి. మన దేశంల ఎక్కడుంది అది? ఈ కండ్లతోని ఒక్కసారి చూస్త."

నేను హైస్కూల్లో సైన్సు చెబుతాను. ఉష్ణమండల సతత హరితారణ్యాలు అని బోర్డు మీద రాసి, ఎత్తైన చెట్లు, పందిరి, లతలు అని పిల్లల చేత వల్లె వేయిస్తూ పద్నాలుగేళ్లు గడిపాను. ఒక్కటీ చూడలేదు. మామేమో అడవిలోనే బతికాడు. కానీ అది నల్లమల. మన్ననూరు, ఫరహాబాద్, వటవర్లపల్లి. ఆయన చేరిన కొత్తలో అదంతా నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కింద ఉండేది. రాష్ట్రం విడిపోయాక మన వైపు భాగం అమ్రాబాద్ అయింది. రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న ఆ అడవిలో తన బీటు ఆయనకు అరచెయ్యే. అయితే అది ఆకురాల్చే అడవి. మాఘం దాటితే టేకు, నల్లమద్ది, తునికి మోళ్లయిపోతాయి. ఎండాకు మీద తొండ పాకినా వినబడుతుంది.

మాకు వీలయ్యే వానడవి కోసం వెతికితే అన్నీ పడమటి కనుమల్లోనే తేలాయి. ఆగుంబె, సైలెంట్ వ్యాలీ, వాల్పరై. మామ మోకాళ్లు ఎక్కువ నడవనివ్వవు. తమిళనాడులో కోయంబత్తూరు జిల్లాలోని వాల్పరై అయితే టీ తోటల మధ్య రోడ్డు మీద నుంచే జంతువులు కనబడతాయని, పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోవచ్చని తెలిసింది. అది ఖాయం చేసుకున్నాం. శబరి ఎక్స్‌ప్రెస్‌కు రెండు నెలల ముందే టికెట్లు తీశాను. మా ఆయనకు సెలవు దొరకలేదు.

వెళ్లాలనుకునే వాళ్లకు ఇక్కడే ఒక మాట. అన్నిటికన్నా ముందు కొనాల్సింది బైనాక్యులర్. ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది చాలు. అంతకన్నా పెద్దదైతే చెయ్యి వణికి బొమ్మ నిలవదు. ఇంట్లో ముందే అలవాటు చేసుకోవాలి. మేము రెండు వారాలు డాబా మీద నిలబడి గోరింకలను, రామచిలుకలను చూసి చెయ్యి కుదుర్చుకున్నాం. ముందు పిట్టను ఉత్త కంటితో పట్టుకుని, చూపు కదలకుండా అద్దాలను కంటికి తెచ్చుకోవాలి. అద్దాల్లోంచి వెతకడం మొదలుపెడితే పిట్ట ఎగిరిపోయేదాకా వెతుకుతూనే ఉంటాం. మిగతావి చిన్నవే: మట్టిరంగు బట్టలు, గొడుగు, మోకాలిదాకా వచ్చే మేజోళ్లు, ఉప్పు. ఉప్పెందుకో తర్వాత చెబుతాను.

దసరా మర్నాడు సర్వపిండి, గారెలు కట్టుకుని సికింద్రాబాద్‌లో రైలెక్కాం. తర్వాతి రోజు కోయంబత్తూరులో దిగి, నలభై కిలోమీటర్ల దూరంలోని పొల్లాచ్చిలో రాత్రికి బస. కారు రోజంతటికీ రూ. 5,500కు మాట్లాడుకున్నాం. తెల్లవారుజామున ఐదున్నరకు వచ్చిన డ్రైవరు మా మాటలు విని, "హైదరాబాదు నుంచి వస్తుండారా? మా ఇండ్లల్లో తెలుగే. రాసేది రాదు, మాట్లాడేది వస్తాది" అన్నాడు. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు ఆ వైపు చాలామంది. మామ జేబులోంచి జమ్మి ఆకు తీసి అతని చేతిలో పెట్టి అలయ్‌బలయ్ ఇచ్చాడు. అతనికి ఆ ఆచారం తెలియదు. ఆకును కళ్లకద్దుకుని స్టీరింగు ముందు వినాయకుడి దగ్గర పెట్టుకున్నాడు. ఆ రోజంతా అది అక్కడే ఉంది.

కొబ్బరితోటలు దాటి ఆళియారు చేరేసరికి వెలుతురొచ్చింది. చెక్‌పోస్టులో సంచులు చూసి, పల్చటి ప్లాస్టిక్ కవర్లు తీయించారు. మన్ననూరు చెక్‌పోస్టులో అదే పని ఏళ్లతరబడి చేసిన మామ దిగి, గార్డుకు సెల్యూట్ కొట్టి, "నేను గూడ" అని గుండె మీద చెయ్యి పెట్టి చూపించాడు. భాష రాని ఇద్దరూ ఐదు నిమిషాలు నవ్వుతూ నిలబడ్డారు.

అక్కడి నుంచి వాల్పరై దాకా నలభై వంపులు. ప్రతి వంపు దగ్గర అంకె రాసిన రాయి ఉంటుంది. మా చిన్నోడికి ఆరో వంపుకే కడుపులో తిప్పింది. ఖాళీ కడుపుతో ఎక్కించవద్దు. రెండు ఇడ్లీలు పెట్టి, నిమ్మకాయ చేతికిచ్చి, ముందు సీట్లో కూర్చోబెడితే సర్దుకుంటారు.

తొమ్మిదో వంపు దగ్గర కారు ఆపమన్నాం. ఆ రోడ్డు వేయించిన ఇంజినీరు లోమ్ పేరు మీద ఆ చోటును లోమ్స్ వ్యూ అంటారు. కింద ఆళియారు జలాశయం పళ్లెంలా కనబడుతుంది. అందరూ అటు తిరిగి ఫోటోలు తీసుకుంటున్నారు. మామ ఒక్కడే కొండవైపు తిరిగి నిలబడ్డాడు. "నీళ్లు ఎక్కడికి పోతయి. జీవాలు పోతయి, ముందు అటు చూడుండ్రి" అన్నాడు. ఆయన చూస్తున్న బండ మీద, మాకు నలభై అడుగుల దూరంలో, ఏడు నీలగిరి తార్‌లు మేస్తున్నాయి. చూపుకు బలిసిన మేకల్లా ఉంటాయి. వెనక్కి వంగిన కొమ్ములు, పొట్టి వెంట్రుకలు. ఒక పిల్ల గోడలాంటి బండ మీద, మనం పావురం కూడా నిలవదనుకునే చోట, నాలుగు గిట్టలూ ఒక్క దగ్గరికి చేర్చి నిలబడింది. తమిళంలో వరయాడు అంటారట. వరై అంటే కొండచరియ, ఆడు అంటే మేక. ఆ రాష్ట్ర జంతువు అది. కేరళ, తమిళనాడు కొండల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా లేదు. ఉన్నవి కూడా కొద్ది వేలే.

మామ చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. ఉద్యోగంలో ఉన్నప్పటి అలవాటు. చేత్తో గీసుకున్న గళ్లు: తేదీ, పొద్దు, చోటు, జంతువు, ఎన్ని, ఎటు. చివరి గడి జంతువు ఏ దిక్కుకు పోయిందో రాయడానికి. "ఎటు" అనే గడిలో "ఉత్తరం, బండ మీదికి" అని రాసుకున్నాడు. ఆ గడి గురించి మళ్లీ చెప్పాలి.

వంపులు ఎక్కేకొద్దీ గాలి చల్లబడి, ముప్పై దాటాక చెట్లు రెండువైపులా మూసుకొచ్చాయి. పైకి చేరగానే ఒక్కసారిగా ఆకాశం. కనుచూపు మేరా టీ తోటలు, గుండు గీసి నూనె రాసినట్టున్న కొండలు. బాగుందని నేను అనబోతుంటే మామ ముఖం చూసి ఊరుకున్నాను. "అడవి ఏది?" అన్నాడు. నిజమే. 1890ల నుంచి ఈ పీఠభూమి మీద వానడవిని నరికి కాఫీ, టీ వేశారు. దాదాపు 220 చదరపు కిలోమీటర్ల తోటల మధ్య మిగిలింది అడవి ముక్కలే. లోయల్లో, వాగుల పక్కన, నలభై దాకా. చుట్టూ మాత్రం ఆనమలై పులుల అభయారణ్యం. జంతువులు ఈ ముక్కల మీదుగానే ఒక వైపు నుంచి ఇంకో వైపుకు నడుస్తాయి. పాడైపోయిన అడవి ముక్కల్లో అక్కడి జాతుల మొక్కలే పెంచి నాటే పనిని మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ రెండు దశాబ్దాలకు పైగా చేస్తోంది. డ్రైవరు ఒక చోట కారు నెమ్మది చేసి, "ఇదంతా నాటిందే" అని చూపించాడు. నాకు తేడా తెలియలేదు. మామకు తెలిసింది. "చెట్లన్నీ ఒక్క ఈడువి" అన్నాడు.

ఎనిమిదిన్నరకు పుదుత్తోట్టం అనే ఎస్టేట్ దగ్గర సింహతోక కోతులు కనిపించాయి. నా వరకు ఆ రోజు ఇదే పెద్ద సంగతి. నల్లగా నిగనిగలాడే ఒళ్లు, ముఖం చుట్టూ బూడిద వెండి జూలు, తోక చివర చిన్న కుచ్చు. ఆ కుచ్చును బట్టే పేరు. పడమటి కనుమల వానడవుల్లో తప్ప ఎక్కడా బతకవు. చెట్ల కొమ్మల మీదే పుట్టి పెరిగే జాతి. నేలకు దిగడం దాని స్వభావం కాదు. ఇక్కడేమో అడవి ముక్కలై, కొమ్మకూ కొమ్మకూ మధ్య రోడ్డు వచ్చి, దిగక తప్పడం లేదు. అందుకని రోడ్డుకు అడ్డంగా చెట్టు నుంచి చెట్టుకు పాత ఫైరింజన్ గొట్టాలతో వంతెనలు కట్టారు. మేము నిలబడి ఉండగానే ఒక తల్లి, పొట్టకు పిల్లను కరిపించుకుని, ఆ వంతెన మీద నింపాదిగా దాటింది. దాని వెనకాల ఇంకో నాలుగు. మా చిన్నోడు ఊపిరి బిగబట్టి చేత్తో లెక్కపెడుతున్నాడు. కింద మూడు కార్లు ఆగి ఉన్నాయి, ఎవరూ హారన్ కొట్టలేదు. అంతమంది ఒకేసారి మాట మానేసి పైకి చూడటం నేను సినిమా హాల్లో కూడా చూడలేదు.

కానీ అదే చోట ఒక కుటుంబం కారు అద్దం దించి చిప్స్ పొట్లం చాపింది. ఒక మగ కోతి రోడ్డు మీదికి దిగొచ్చింది. మామ గబగబా వెళ్లి, ఆ ఇంటి పెద్దాయన ముందు చేతులు జోడించాడు. డ్రైవరు తమిళంలో చెప్పాడు. తిండి కోసం రోడ్డు మీదికి అలవాటు పడిన కోతే చక్రం కింద పడుతుంది. ఆ చోట అలా చచ్చిపోయినవి ఉన్నాయి. పెద్దాయన పొట్లం లోపల పెట్టుకున్నాడు. ఇది చదివేవాళ్లలో ఎవరైనా అటు వెళితే నా మాటగా అనుకోండి: ఏ కోతికీ, ఏ కారణానికీ, అరటిపండు కూడా పెట్టకండి.

టిఫిన్ అయ్యాక స్థానికంగా పక్షులు చూపించే ఒక యువకుడు మాతో వచ్చాడు. అతనికి తమిళం, కొంచెం ఇంగ్లిష్. నియమాలు ముందే చెప్పాడు. రోడ్డు దిగకూడదు, అడవి ముక్కలోకి అడుగు పెట్టకూడదు, గట్టిగా మాట్లాడకూడదు, అతను వెనక్కి అంటే ఎందుకని అడగకుండా వెనక్కి రావాలి. ఒక అడవి ముక్క అంచున రోడ్డు మీద కారు ఆపుకుని, రెండున్నర గంటల్లో ఒక కిలోమీటరు నడిచామేమో.

లోపలికి చూస్తే, వెలుతురు ఉందని తెలుస్తుంది గానీ ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. పలకల్లా నిలబడ్డ వేర్లతో చెట్లు. నేలంతా తడి ఆకు, నాచు, కుళ్లిన మాను. ప్రతి మాను మీద ఇంకో మొక్క, ఆ మొక్క మీద ఇంకోటి. నేను పాఠంలో చెప్పే పందిరి, దాని మీద పొడుచుకొచ్చిన మహావృక్షాలు, కింద నీడను కోరే మొక్కలు, అంతా ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంది. హైదరాబాద్‌లో ఏడాదికి ఎనిమిది వందల మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇక్కడ దాదాపు 3,500. నాలుగు రెట్లకు పైమాటే. ఇన్నాళ్లూ నేను బోర్డు మీద రాసిన ఆ అంకె ఇక్కడ చొక్కా వీపుకు అతుక్కుంటోంది.

మొదటి అరగంట మామకు ఏమీ దొరకలేదు. అలవాటు ప్రకారం నేల చూస్తూ నడిచాడు. నల్లమలలో ఆయన చదువంతా నేల మీదే. దుమ్ములో పులి అడుగు చూసి మగదో ఆడదో, ఎంతసేపటి కిందట పోయిందో చెప్పేవాడు. కెమెరాలు రాకముందు గాజు పలక మీద ఆ అడుగును గీసుకుని, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోసి అచ్చు తీసి పులులను లెక్కించేవారు. ఎలుగు తవ్విన చెదల పుట్ట, కణుజు కొమ్ము రాసిన మాను, మనుబోతు పెంట కుప్ప, అన్నీ నేల చెప్పేది. ఇక్కడ నేల మీద దుమ్మే లేదు. పడిన ఆకు పడినట్టే కుళ్లిపోతుంది. అడుగు పడితే నీళ్లు పూడ్చేస్తాయి. "గిదేం అడవి బిడ్డా, నేల మాట్లాడుతలేదు" అన్నాడు. ఆ మాటలో దిగులుంది. నాకు బాధేసింది. ఇంతదూరం తీసుకొచ్చింది ఇందుకా అనిపించింది.

ఆ యువకుడు మామ చెయ్యి పట్టుకుని ఆపి, చెవి చూపించి, వేలు పైకి చూపించాడు. వినమన్నాడు. విన్నాం. హూ, హూ, హూ అని లోయ అవతల నుంచి బరువైన పిలుపు. నీలగిరి లంగూర్. నల్లటి ఒళ్లు, తలకాయ మాత్రం తేనెరంగు. అది కూర్చున్న కొమ్మ మా తలల మీద ఎనభై అడుగుల ఎత్తున ఉంది. "కొండముచ్చే! నల్ల కొండముచ్చు!" అని మామ సంబరపడ్డాడు. అదే కొమ్మల్లో ఇంకాస్త పక్కన, ముదురు ఎరుపూ నలుపూ కలిసిన పెద్ద ఉడత, తోకే మూరెడు, పడుకుని పండు కొరుకుతోంది. దాన్ని చూడగానే మామకు ప్రాణం లేచొచ్చింది. "బెట్టుడుత! మన ఫరహాబాద్‌ల ఉంటది. మనది ఇంత ఎరుపుండదు." వెయ్యి కిలోమీటర్ల అవతల సొంతూరి మనిషి ఎదురైనట్టు దాన్నే పది నిమిషాలు చూశాడు.

తర్వాత జరిగింది నేను మరిచిపోలేనిది. మామ మళ్లీ నేల చూడటం మొదలుపెట్టాడు, కానీ ఈసారి వేరేగా. రోడ్డు పక్కన చిన్న పళ్లు రాలి ఉన్నాయి, మర్రిపండ్ల లాంటివి. వంగి ఒకటి తీశాడు. పిసికి చూశాడు. "ఇది తానంతట తాను పడింది." ఇంకోటి తీశాడు. "దీన్ని నొక్కి విడిచిపెట్టింది ఏదో. పంటి గాటు గాదు, ముక్కు గాటు. పెద్ద ముక్కు. రసం ఇంక ఆరలేదు." అని నిటారుగా పైకి చూశాడు. యువకుడు కూడా పైకి చూసి, ఒక్కసారిగా మామ భుజం పట్టుకున్నాడు.

చెట్టు పైన ఆకుల్లో పసుపు ముక్కు కదిలింది. ఆ ముక్కు మీద ఇంకో పసుపు దిమ్మ. పెద్ద హార్న్‌బిల్ జంట. ఒకటి పండును ముక్కు కొసతో తెంపి, పైకి ఎగరేసి, గొంతులోకి వేసుకుంది. అంత పెద్ద ముక్కుకు అంత చిన్న పండు. ఐదు నిమిషాల తర్వాత రెండూ లేచాయి. ఆ చప్పుడు ఎలా చెప్పాలి? కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినట్టు, ఫుస్సు, ఫుస్సు అని ఆకాశమంతా వినబడింది. రెక్కల ఈకల మొదళ్లు మూసుకుని ఉండకపోవడంతో గాలి వాటి సందుల్లోంచి దూసుకుపోయి ఆ చప్పుడు వస్తుందట. నల్ల రెక్కల మీద తెల్ల పట్టీలు, తెల్ల తోకకు నల్ల పట్టీ. పందిరి మీదుగా లోయ దాటి పోయేదాకా ఆ తిత్తి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

గుడ్లు పెట్టే కాలంలో ఆడపక్షి చెట్టు తొర్రలోకి దూరి, వాకిలిని తనే మూసేసుకుంటుంది. ఒక సన్నటి చీలిక మాత్రం ఉంచుతుంది. నెలల తరబడి మగపక్షి తెచ్చి ఆ చీలికలోంచి అందించిందే తిండి. మగపక్షికి ఏమైనా అయితే లోపలున్న ప్రాణాలకు గండమే. పెద్ద తొర్ర కావాలంటే పెద్ద మాను కావాలి, పెద్ద మాను కావాలంటే వందేళ్లు కావాలి. యువకుడు తమిళంలో చెబుతుంటే డ్రైవరు తన తెలుగులో చెప్పుకొస్తున్నాడు. "వాకిలి మూసుకుంటాది, మొగుడు తెచ్చి పెడతాడు" అన్నాడు. మామ ఏమీ అనలేదు. అత్తయ్య పోయి మూడేళ్లయింది. బైనాక్యులర్ ఇంకా కళ్ల దగ్గరే ఉంది, చూడటానికి అక్కడ ఏమీ లేకపోయినా.

పుస్తకం తీసి "ఎటు" గడి దగ్గర ఆగాడు. తూర్పు, పడమర రాయడానికి ఆ లోయలో దిక్కు తెలియడం లేదు. కాసేపు ఆలోచించి "పైన" అని రాశాడు. నల్ల కొండముచ్చుకూ అదే. బెట్టుడుతకూ అదే.

మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. అక్టోబరు వాన అక్కడ చెప్పి రాదు. గొడుగులు తీసే లోపే తడిసిపోయాం. వానతో పాటు జలగలు. గడ్డి కొసల మీద నిటారుగా లేచి, మన వేడికి అటూ ఇటూ ఊగుతూ వెతుకుతాయి. సూది కన్నా కాస్త లావు, రక్తం తాగాక మాత్రం ద్రాక్షపండంత. మేజోళ్లు పైకి లాగి ప్యాంటును లోపల దోపుకోవాలన్నది అందుకే. పట్టుకుంటే లాగకండి, గాయమవుతుంది. కాస్త ఉప్పు వేస్తే అదే వదిలేస్తుంది. గాయం నుంచి రక్తం చాలాసేపు కారుతుంది, కంగారు పడొద్దు, నొప్పి ఉండదు. చిన్నోడికి మూడు పట్టాయి, నాకు ఒకటి.

భోజనం అయ్యాక టీ తోటల మీదుగా తిరిగితే అడవిదున్నలు కనిపించాయి. టీ చెట్ల నడుమ పదకొండు. తొలకరి మేఘం నేలకు దిగినట్టు ఒక పెద్ద మగది, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు తొడుక్కున్నట్టు కాళ్లు. దానికి వంద గజాల్లో ఆడవాళ్లు టీ ఆకు కోస్తున్నారు. ఒకరినొకరు చూసుకుంటూ ఎవరి పని వాళ్లు. మామ సర్వీసులో ఒక్కసారి కూడా అడవిదున్నను చూడలేదు.

మూడున్నర ప్రాంతంలో ఇంకో దారిలో వెళుతున్నాం. పక్కన వేడి తగ్గని ఏనుగు పెంట. యువకుడికి ఫోన్ వచ్చింది. ముందున్న తోటలో గుంపు ఉందట. మలుపు తిరగగానే స్తంభం మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటోంది. ఆ పీఠభూమి మీద డెబ్బై వేల దాకా జనం. ఏనుగులు కూడా అదే నేల మీద నడుస్తాయి. చీకట్లో ఎదురుపడటం వల్లే అక్కడ ఎక్కువ ప్రాణాలు పోయాయి. అందుకని ఏనుగులు ఎక్కడున్నాయో ఫోన్లకు సందేశాలు పంపుతారు. ఆ ఎర్ర లైటును ఊరివాళ్లే ఫోన్ చేసి వెలిగిస్తారు. అది చూసి జనం ఆ దారిన వెళ్లరు. నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ వాళ్లూ, అక్కడి జనమూ కలిసి నిలబెట్టుకున్న ఏర్పాటు అది.

"వెనక్కి" అన్నాడు యువకుడు. చిన్నోడు నా వైపు చూశాడు. ఏనుగును చూడాలనే రైలెక్కినవాడు. నేను నోరు తెరిచే లోపే మామ అన్నాడు: "దాని దారిల మనమున్నం. మలుపుండ్రి." డ్రైవరు కారు తిప్పాడు. చిన్నోడు వెనక అద్దంలోంచి ఆ ఎర్ర లైటు కనబడకుండా పోయేదాకా చూస్తూ కూర్చున్నాడు.

చీకటి పడకముందే కొండ దిగాలి. యువకుడిని వాల్పరైలో దింపాం. మామ తన పాత బైనాక్యులర్ సంచిని, తోలుది, సర్వీసులో వాడినది, అతని మెడలో వేశాడు. అతను వద్దన్నా వినలేదు. నలభై వంపులు దిగుతుంటే తొమ్మిదో వంపు దగ్గర మంచు కమ్మి ఉంది. తార్‌లు లేవు. ఎనిమిది లోపే పొల్లాచ్చి చేరాం.

రాత్రి గదిలో చిన్నోడు పడుకున్నాక, మామ మంచం అంచున కూర్చుని కళ్లలో చుక్కలు వేయించుకుని, పుస్తకం నా చేతికిచ్చి చదివి వినిపించమన్నాడు. చదివాను. వరయాడు ఏడు, ఉత్తరం, బండ మీదికి. సింహతోక కోతి తొమ్మిది, పైన. నల్ల కొండముచ్చు నాలుగు, పైన. బెట్టుడుత ఒకటి, పైన. పెద్ద ముక్కు పిట్ట రెండు, పైన, రెక్కల చప్పుడు కోసు దూరం. అడవిదున్న పదకొండు, తేయాకు తోట, కదలలేదు.

"ఆఖరుది?" అన్నాడు.

ఏనుగు, అని రాసి ఉంది. ఎన్ని అనే గడి ఖాళీ. ఎటు అనే గడిలో: "దాని దారిన అది."